కూరుడు పుల్ల, గురివింద గింజ

నలభై, యాభై ఏళ్ళ కిందటి దాకా కృష్ణా డెల్టా అడుగు ఊళ్ళలో దసరా వెళ్ళగానే ఇళ్ళ అరుగుల మీదికి చాటలు, తాంబాళాలు వచ్చేవి. వడియాలు పెట్టే కాలం కాదు, పచ్చళ్ళ కాలం అంతకన్నా కాదు. వాటిలో ఎండేది మతాబుల మందు, చిచ్చుబుడ్ల మందు. పక్కనే పాత నోటుపుస్తకాల కాగితంతో చుట్టిన గొట్టాలు వరసగా నిలబెట్టి ఉండేవి. ఆకాశంలో మబ్బు తునక కనిపిస్తే చాలు, ఇంట్లో వాళ్ళంతా చేతిలో పని వదిలేసి అరుగు మీదికి పరుగెత్తేవాళ్ళు. కార్తీకం దగ్గరపడే ఆ రోజుల్లో అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపు ఎప్పుడు ముసురు పట్టేదీ ఎవరూ చెప్పలేరు. తడిసిన మందు మళ్ళీ ఎండినా మునుపటి మందు కాదని ప్రతి ఇంట్లో పెద్దవాళ్ళకు తెలుసు.

ఆ పనిని కూరడం అనేవాళ్ళు. "మీ ఇంట్లో కూరడం అయిందా?" అన్న పలకరింపు దీపావళి ముందు వారం ప్రతి వీధిలోనూ వినిపించేది. తుపాకీకీ అదే మాట వాడతాం. గొట్టంలో మందు కూరతారు, గుండు దిగేస్తారు, రెండూ కలిసి మందుగుండు. భాష ఆ రెండు పనులనూ వేరుగా చూడలేదు, నిజానికి అవి అంత వేరైనవీ కావు. నిప్పు తగిలితే తనంతట తాను మండే పొడిని, కొలిచి, ఒక గొట్టంలో సరైన బిగువుతో నింపడమే రెండింటి సారం. అందుకే అమెరికాలో ఇంటి గ్యారేజీలో కూర్చుని పేలిన తూటాలను మళ్ళీ నింపుకునే మనిషి ముందున్న బల్లనూ, దివిసీమలో ఒకప్పటి అరుగునూ పక్కపక్కన పెట్టి చూస్తే సామాను దాదాపు ఒకటే కనిపిస్తుంది. కొలిచేదొకటి, జల్లించేదొకటి, కూరేదొకటి, పట్టి ఉంచేదొకటి. ఏది ఎందుకు ఎంచుకోవాలో తెలిసినవాళ్ళ చేతివేళ్ళు పదీ మిగిలాయి.

ఈ డెల్టా రేవుపట్నం బందరుకు మందుగుండుతో ఉన్న పరిచయం పండగ సరదాతో మొదలైంది కాదు. డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో ఇక్కడ కొఠీలు తెరిచారు. అద్దకం బట్టలు, నీలిమందు లాంటి సరుకులతో పాటు సూరేకారానికీ ఈ తీరంలో బేరం ఉండేది. యూరప్‌లో యుద్ధాలు నడిచినన్నాళ్ళూ ఆ తెల్లటి ఉప్పుకు గిరాకీ తగ్గలేదు. 1759లో కర్నల్ ఫోర్డ్ నాయకత్వంలో ఇంగ్లీషు సేన ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న బందరు కోటను ముట్టడించింది. ఏప్రిల్ 7న ఫిరంగుల అధికారులు వచ్చి, ఇక రెండు రోజులకు సరిపడా మందుగుండే ఉందని ఫోర్డ్‌కు చెప్పారు. అవతలినుంచి నిజాం సలాబత్ జంగ్ సేన దగ్గరికి వస్తోంది. మందు ఉండగానే తేల్చుకోవాలని ఆ రాత్రే కోట మీద పడ్డారు, తెల్లారేసరికి కోట చేతులు మారింది. ఉత్తర సర్కారులు ఎవరి పాలయ్యేదీ నిర్ణయించిన ఆ రాత్రిని నడిపించింది ఖాళీ అవుతున్న మందు పీపాల లెక్క.

ఇక ఆ అరుగు మీద ఏమేం ఉండేవో దగ్గరగా చూడాలి.

ముందుగా కనిపించేది గొట్టం కర్ర. బొటనవేలు లావున, జానెడు మీద నాలుగు వేళ్ళ పొడవున నున్నగా చిత్రికపట్టిన కర్ర. దాని చుట్టూ కాగితాన్ని తిప్పి, ఉడికించిన మైదా పూసి, అంచు అంటించి, కర్రను మెల్లగా లాగేస్తే గొట్టం. పిల్లలకు మొదట అప్పగించే పని ఇదే, ఎందుకంటే ఇందులో మందు లేదు. మతాబుకు పాత నోటుపుస్తకం కాగితం చాలు, లోపలి మందుతో పాటు గొట్టమూ కాలిపోతూ రావాలి కాబట్టి. జువ్వకు అది పనికిరాదు. నిప్పు ఒకవైపు నుంచే బయటికి రావాలంటే గొట్టం గట్టిగా, పొర మీద పొరగా ఉండాలి. ఎక్కడైనా పొరల మధ్య గాలి ఉండిపోతే జువ్వ పైకి వెళ్ళడం మానేసి పక్కింటి తాటాకు కప్పు వెతుక్కుంటుంది. తాటాకు ఇళ్ళు ఎక్కువగా ఉన్న ఆ రోజుల్లో ఇది నవ్వుకునే విషయం కాదు.

తర్వాత కల్వం, జల్లెడ. సూరేకారం, గంధకం, బొగ్గు దేనికది నూరుకోవాలని, కలిపాక నూరకూడదని తెలిసిన ఇళ్ళలో గట్టి కట్టడి ఉండేది. విడివిడిగా అవి మూడూ సాధువులు. కలిశాక వాటి తత్వం మారిపోతుంది. సూరేకారంలో ఉన్న ఆక్సిజన్‌ను అది వేడికి విడిచిపెడుతుంది, బొగ్గూ గంధకమూ దాన్ని అందుకుని మండుతాయి. బయటి గాలితో వాటికి పనే లేదు. చమురు మంటలాగా గోనెపట్టా కప్పి దీన్ని ఆర్పలేకపోవడానికి కారణం అదే. గాలి దాని కడుపులోనే ఉంది. నీళ్ళు కుమ్మరిస్తే మాత్రం వేడి చల్లారుతుంది, సూరేకారం కరిగిపోతుంది. కూరే చోట నిండు గాబో, రెండు బిందెలో ఉండి తీరాలన్న పాత నియమంలో రసాయన శాస్త్రం అంతా ఉంది.

బొగ్గులోనూ ఎంపిక ఉంది. జిల్లేడు కాడల బొగ్గు తేలికగా, మెత్తగా ఉండి చురుగ్గా మండుతుందని సిసింద్రీలకు, జువ్వలకు దాన్నే వెతికేవాళ్ళు. ప్రపంచంలో చాలా చోట్ల మందుగుండు చేసినవాళ్ళు కూడా బరువైన చేవకర్రను కాదని మెత్తటి తేలిక కర్రల బొగ్గునే ఎంచుకున్నారు. యూరప్‌లో అది విల్లో, ఆల్డర్ చెట్లది. కాలవ గట్టున దొరికే జిల్లేడును ఎంచుకున్న మనవాళ్ళు ఆ పుస్తకాలు చదివి ఎంచుకోలేదు.

చిచ్చుబుడ్డికి పువ్వులు పూయించేది బీడు రజను. పోత ఇనుమును బందరులోనో గుడివాడలోనో లేతు మీద చెక్కినప్పుడు రాలే పొడి అది. మామూలు ఇనుప రజను కూడా మెరుస్తుంది, కానీ గీతలా మెరిసి ఊరుకుంటుంది. పోత ఇనుములో బొగ్గు పాలు ఎక్కువ, నూటికి రెండు పాళ్ళకు మించి ఉంటుంది. ఆ కాలుతున్న రవ్వ గాలిలో చిట్లి కొమ్మలు వేస్తుంది. అలా చిట్లిన కొమ్మలనే మనం పువ్వులంటాం. ఒక చిక్కు మాత్రం ఉంది. సూరేకారం పక్కన, సముద్రపు గాలిలో, ఇనుము నాలుగు రోజుల్లో తుప్పు పడుతుంది. అందుకే రజనుకు ముందుగా నూనె పట్టించి ఆరబెట్టేవాళ్ళు. బుడ్డిని ఎంచుకోవడం మరో పరీక్ష. కుమ్మరి దగ్గర బుడ్లు కొనేటప్పుడు ఒక్కోటీ చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టి చూసేవాళ్ళు. ఖంగుమంటే తీసుకోవడం, బొదబొదమంటే పక్కన పెట్టడం. కంటికి కనపడని నెర్రె ఉన్న బుడ్డి పువ్వులు పూయదు, పగులుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైంది కూరుడు పుల్ల. చూడటానికి ఏమీ ఉండదు, జానెడు చెక్క పుల్ల. అది చెక్కదే కావాలి. ఇనుప చువ్వ దేనికో తగిలి ఒక్క రవ్వ రాలితే అంతే సంగతులు. తుపాకుల కాలంలో మందు కొలిచే చెంచాలు, గిన్నెలు ఇత్తడివో రాగివో కావడానికీ, మందు కొట్లలో మేకులున్న చెప్పులు బయట వదిలించడానికీ కారణం ఇదే. పుల్ల గొట్టంలో బిగుతుగా పట్టకూడదు, మరీ వదులుగానూ ఉండకూడదు. బిగుతైతే లోపలి గాలిని, పొడిని రాపాడిస్తూ దిగుతుంది. వదులైతే అంచుల వెంట మందు పైకి ఎగబాకుతుంది. కొద్ది కొద్దిగా పోసి, ప్రతిసారీ ఒకే బిగువుతో అదమాలి. ఒకచోట వదులైతే అక్కడ మంట లోపలికి దూరి గొట్టాన్ని చీలుస్తుంది. ఒకరు మొదలుపెట్టిన గొట్టాన్ని వాళ్ళే ముగించాలని, మధ్యలో చేయి మారకూడదని అనేవాళ్ళు. పైకి ఆచారంలా వినిపించినా దాని వెనక ఉన్నది ఈ బిగువు లెక్కే.

పాళ్ళు ఎంతెంతో ఇక్కడ రాయడం లేదు. తెలిసినవాళ్ళు కూడా ఇప్పుడు వాటిని చేతిలోకి తీసుకోవాల్సిన అవసరం లేదు, తీసుకోకూడదు. ఎందుకో ముందుముందు వస్తుంది.

పాళ్ళ మాట వచ్చింది కనక కాటా గురించి చెప్పుకోవాలి. కొన్ని ఇళ్ళలో గ్లాసుతో కొలిచి కలిపేవాళ్ళు. జాగ్రత్త తెలిసిన ఇళ్ళలో తూచేవాళ్ళు. బందరు మనిషికి సన్నకాటా కొత్త కాదు. చిలకలపూడి గిల్టు నగల పని ఊరంతా పాకిన చోట, గురివింద గింజ ఎత్తు లోహానికీ లెక్క ఉంటుంది. సగటు గురివింద గింజ సుమారు 120 మిల్లీగ్రాములు తూగుతుంది. తూటాలు నింపేవాళ్ళ కొలమానం కూడా ఒక గింజ పేరుతోనే ఉండటం చూస్తే ముచ్చటేస్తుంది. ఇంగ్లీషువాళ్ళ గ్రెయిన్ ఒకప్పుడు బార్లీ గింజ ఎత్తు. ఇప్పుడు అది 64.8 మిల్లీగ్రాములు, పౌనుకు 7,000. అంటే మన గురివింద ఒక్కటి వాళ్ళ గ్రెయిన్లు దాదాపు రెండింటికి సమానం. అమెరికాలో ఇంట్లో తూటా నింపే మనిషి గ్రెయినులో పదో వంతు తేడాను కూడా వదిలిపెట్టడు. అది గురివింద గింజను పద్ధెనిమిది ముక్కలు చేస్తే ఒక్క ముక్క ఎత్తు.

ఆ అమెరికా బల్ల దగ్గర కాసేపు ఆగుదాం. కృష్ణా జిల్లా నుంచి అక్కడికి వెళ్ళి స్థిరపడ్డ కుటుంబాలు లేని ఊరు ఇక్కడ అరుదు. అక్కడ వేట, గురి సరదా ఉన్న లక్షల మంది తూటాలు ఇంట్లోనే నింపుకుంటారు. సొంతానికి నింపుకుంటే ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మకానికైతే కావాలి. తూటా అంటే నాలుగు వస్తువులు. ఇత్తడి తొడుగు, దాని అడుగున సూది దెబ్బకు అంటుకునే చిన్న టోపీ, లోపల మందు, ముందు గుండు. పేలినప్పుడు టోపీ, మందు, గుండు అయిపోతాయి. ఖరీదైన ఇత్తడి తొడుగు మాత్రం చేతిలో మిగులుతుంది. దాన్ని పారేయడం ఇష్టంలేకే ఈ పని పుట్టింది. 1884లో కనెక్టికట్‌లో జాన్ బార్లో మొదలుపెట్టిన ఐడియల్ కంపెనీ పట్కారులాంటి పనిముట్లు అమ్మింది, వాటితో పొయ్యి పక్కన కూర్చుని నింపుకునేవాళ్ళు. తర్వాత 1943లో మొదలైన ఆర్‌సీబీఎస్ కంపెనీ, 1958లో వచ్చిన లీ లోడర్ అనే పనిముట్టు ఆ పనిని మామూలు ఇళ్ళకు మరింత దగ్గర చేశాయి.

కొత్తగా దిగినవాడి కళ్ళు ముందు ప్రెస్సు మీద పడతాయి. పేలిన తొడుగు కొద్దిగా ఉబ్బుతుంది, దాన్ని గట్టి ఉక్కు అచ్చులోకి నొక్కి మళ్ళీ కొలతకు తేవడం ప్రెస్సు పని. చిలకలపూడి పనివాళ్ళు లోహపు రేకును అచ్చులో నొక్కడం చూసినవాళ్ళకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. ప్రెస్సుల్లో ఒకసారికి ఒకే పని చేసేవి ఉన్నాయి, పిడి ఒక్కసారి లాగితే నాలుగైదు పనులు వరసగా జరిగిపోయేవీ ఉన్నాయి. రెండోవి గంటకు వందల తూటాలు నింపుతాయి. అనుభవజ్ఞులు మాత్రం కొత్తవాడికి మొదటి రకమే చెబుతారు. ఒక్కో తొడుగూ ఒక్కో మెట్టు దగ్గర చేతిలోకి వస్తుంది, కంట్లో పడుతుంది. ఒకే తొడుగులో మందు రెండుసార్లు పడటం ఈ పనిలో పెద్ద ప్రమాదం. అలాంటి తూటా తుపాకీనే చీల్చగలదు. అందుకని మందు పోసిన తొడుగులను రంధ్రాల చెక్కలో నిలబెట్టి, టార్చి వేసి ఒక్కోదానిలోకి తొంగిచూసి, అన్నిటిలో మట్టం సమానంగా ఉందని తేల్చుకున్నాకే గుండ్లు బిగిస్తారు.

ప్రెస్సు కన్నా ముందు కొనాల్సినవి మంచి కాటా, మందు తయారుచేసిన కంపెనీ అచ్చువేసిన కొలతల పుస్తకం. బల్ల మీద ఒకసారికి ఒకే రకం మందు డబ్బా ఉండాలి. ఆ నియమం వెనక ప్రాణాలు పోయిన కథలున్నాయి. పాత నల్లమందును గిన్నెతో కొలిచినా నడిచేది, పొగలేని కొత్త మందు దానికన్నా ఎన్నో రెట్లు చురుకైనది. నల్లమందు తుపాకీలో అదే గిన్నెడు పొగలేని మందు పోస్తే గొట్టం పగిలిపోతుంది. నిలవకూ హద్దు ఉంది. అక్కడి అగ్నిభద్రతా నియమావళి ప్రకారం ఇంట్లో అసలు డబ్బాల్లో 20 పౌన్ల పొగలేని మందు, 10,000 టోపీలకు మించి ఉంచకూడదు. సరదా ఎంత ఉన్నా ఆ ఇంటిని మందు కొట్టుగా మార్చే హక్కు ఎవరికీ లేదు.

మన దేశంలో ఈ దారి మూసి ఉంది. 1959 ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం, ఖాళీ తొడుగులో మళ్ళీ మందు నింపినా అది తయారీ కిందికే వస్తుంది. 2019 సవరణ తర్వాత అక్రమ తయారీకి కనీస శిక్ష ఏడేళ్ళు, గరిష్ఠం యావజ్జీవం. గురి పోటీల్లో ఆడేవాళ్ళకు ఇంటి తూటాల అవసరం కూడా లేదు. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 2023లో ట్రాప్ జట్టుతో స్వర్ణం గెలిచిన హైదరాబాద్ షూటర్ కైనాన్ చెనాయ్ లాంటివాళ్ళు వాడేవి కంపెనీ తూటాలు. ఒక్కో దానిలో 24 గ్రాములకు మించి చిన్న గుళ్ళు ఉండకూడదన్నది ఆ పోటీ నిబంధన. బందరు ఈ రంగానికి ఇచ్చింది మరో రకం సామాను. అయ్యగారి రామమూర్తి 1926లో ఇక్కడ పెట్టిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ బళ్ళకూ కాలేజీలకూ ప్రయోగశాల పరికరాలు చేసి పెట్టింది. 1983లో దాన్ని భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. చీకట్లో చూసే పరికరాలు, గురి చూసే అద్దాలు ఇప్పుడు ఈ ఊరినుంచే సైన్యానికి వెళుతున్నాయి.

దీపావళి కూరుడుకూ చట్టం ఇంతే గట్టిగా అడ్డుపడింది. 1884 పేలుడు పదార్థాల చట్టం, దాని కింద వచ్చిన 2008 నిబంధనలు బాణసంచా తయారీని లైసెన్సు ఉన్న షెడ్లకే పరిమితం చేశాయి. గంధకం, పొటాషియం క్లోరేటు కలిపిన మందును 1992లో కేంద్రం పూర్తిగా నిషేధించింది. ఈ రెండూ కలిస్తే నిప్పు కూడా అక్కర్లేదు, రాపిడి చాలు. 2018 అక్టోబరు 23న సుప్రీంకోర్టు బేరియం లవణాలనూ, టపాకాయల సరాలనూ ఆపి, దీపావళి రాత్రి ఎనిమిది నుంచి పది వరకే కాల్చమంది.

కొందరికి ఇది పండగ మీద పగలా అనిపించింది. ఆ బాధను కొట్టిపారేయలేం. అరుగు మీద తాతతో కలిసి గొట్టం చుట్టిన మనిషికి శివకాశి పెట్టె ఎప్పటికీ ఆ రుచి ఇవ్వదు. కానీ ఈ పక్కన ఉన్న లెక్క కూడా చూడాలి. 2014 అక్టోబరు 20న, దీపావళికి మూడు రోజుల ముందు, అప్పటి తూర్పు గోదావరి జిల్లా వాకతిప్పలో బాణసంచా తయారీ చోట పేలుడు జరిగి పదిహేను మందికి పైగా చనిపోయారు. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కోటవురట్ల మండలం కైలాసపట్నంలో ఎనిమిది మంది. అదే ఏడాది అక్టోబరు 8న కోనసీమ జిల్లా రాయవరంలో కనీసం ఆరుగురు. పోయినవాళ్ళలో ఎక్కువమంది రోజుకూలికి కూరుతున్నవాళ్ళే.

ఏలూరులో జరిగింది ఇంకా దగ్గరి పాఠం. 2024 అక్టోబరు 31న, దీపావళి పూట, స్కూటరు మీద ఉల్లిపాయ బాంబుల సంచి తీసుకువెళుతుంటే బండి గుంతలో పడింది. ఆ కుదుపుకే సంచి పేలింది. బండి మీది మనిషి అక్కడికక్కడే ప్రాణం వదిలాడు, చుట్టుపక్కల ఉన్నవాళ్ళు గాయపడ్డారు. ఉల్లిపాయ బాంబుకు వత్తి ఉండదు, నేలకేసి కొడితే పేలుతుంది. అలాంటి వస్తువును సంచిలో వేసి ఊపుకుంటూ వెళ్ళడమంటే అగ్గిపుల్ల గీసి జేబులో వేసుకోవడమే. వాటిని ఇప్పటికీ దొంగచాటుగా చుట్టేవాళ్ళున్నారు, కొనేవాళ్ళున్నారు. పిల్లలున్న ఇల్లు వాటి జోలికి అసలు పోకూడదు.

కూరుడు ఆగిపోవడానికి చట్టం ఒక్కటే కారణం కాదు. 1923లో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్ళి అగ్గిపెట్టెల పని నేర్చుకుని శివకాశికి తిరిగి వచ్చారు. వాళ్ళు వేసిన బాటలో ఆ పొడి నేల దేశానికంతా బాణసంచా పంపే ఊరైంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ, గాలిలో తేమ తక్కువ. డెల్టాలో మబ్బును చూసి పరుగెత్తినవాళ్ళకు ఆ తేడా ఎంతటిదో తెలుసు. దుకాణంలో రంగు కాగితం పెట్టె చవగ్గా దొరికాక పదిహేను రోజులు అరుగు కాపలా కాసే ఓపిక ఎవరికి ఉంటుంది? పైగా ఈ సీమకు కార్తీకమంటే ఇంకో గుబులు. 1977లో దీపావళి వెళ్ళి పది రోజులు తిరక్కుండానే, నవంబరు 19న, ఉప్పెన దివిసీమను ముంచెత్తింది, వేలమంది కొట్టుకుపోయారు. ఆ తర్వాత కొన్నేళ్ళు చాలా ఊళ్ళకు ఆ నెల పండగ నెలగా తోచలేదు.

అయితే ఇప్పుడు ఇంట్లో దీపావళి సామాను ఎంచుకోవడానికి ఏమీ మిగల్లేదా అంటే, మిగిలింది. కూరడం పోయింది కానీ కాల్చడం ఉంది, కూరిన రోజుల జాగ్రత్తలన్నీ దీనికి అక్షరాలా పనికివస్తాయి. పెట్టె మీద తయారీదారు పేరు, లైసెన్సు వివరం, తయారైన ఏడు ఉన్నాయో లేదో చూడాలి. విడిగా, పేరు లేకుండా, కాగితంలో పొట్లం కట్టి ఇచ్చేదాన్ని ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోకూడదు. కొన్న పెట్టెలను వంటగదికీ ఇన్వర్టరుకూ దూరంగా, పొడిగా ఉన్న చోట ఉంచాలి. కాల్చేటప్పుడు జారిపడే నైలాన్, సిల్కు బట్టలు వద్దు, ఒంటికి పట్టిన నూలు బట్టలు కావాలి. నైలాను అంటుకుంటే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. చేతికందే దూరంలో రెండు బక్కెట్ల నీళ్ళు ఉండాలి. అంటించినా పేలని టపాకాయ దగ్గరికి వెంటనే వెళ్ళకూడదు, ముఖం పెట్టి ఊదకూడదు. కాసేపు ఆగి, పొడవాటి కర్రతో నీళ్ళలోకి తోసెయ్యాలి. కాలిన చేతిమీద పేస్టులు, పసుపు పూయకుండా పారే చల్లటి నీళ్ళకింద ఇరవై నిమిషాలు పట్టి ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కంట్లో ఏదైనా పడితే నలపకుండా నేరుగా కంటి డాక్టరు దగ్గరికి.

పిల్లల సరదా తీరే పని ఒకటి ఈ ఊళ్ళలో ఇంకా పూర్తిగా పోలేదు. గోగు కాడలకు నూనెలో తడిపిన గుడ్డ పేలికలు చుట్టి, చీకటి పడ్డ వేళ వాకిట్లో వెలిగించి, నేలకు తాటించి, ఆరిపోయాక కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చి తీపి తింటారు. ఇందులో గొట్టం లేదు, మందు లేదు. పేలిక ఎంత బిగించి చుట్టాలో, నూనె కారకుండా ఎంత పిండాలో పెద్దవాళ్ళు పక్కన కూర్చుని చూపిస్తారు. కూరే రోజుల్లో గొట్టం చుట్టడం నేర్పినట్టే ఇప్పుడు ఇది నేర్పుతున్నారు. కొన్ని ఇళ్ళలో పాత గొట్టం కర్ర ఇంకా అటక మీద ఉంటుంది. మందు అంటని ఆ నున్నటి కర్రకు పాత కాగితం చుట్టి, మైదా పూసి, లాగి, ఖాళీ గొట్టం చేసి పిల్లల చేతిలో పెడితే వాళ్ళు దాన్ని కంటికి ఆనించుకుని వీధి చివరి దాకా చూస్తారు.